మామగారి పంటి పరీక్ష

మా కొట్టులో గట్టివి రెండే. ఒకటి దారం, రెండోది నా గొంతు. దారమైనా ఎప్పుడో ఒకప్పుడు తెగుతుంది గానీ నా గొంతుకి ఆ సుగుణం లేదని మా ఆవిడ బాధ. నేను కౌంటరు దగ్గర నిలబడి ఒక మాట అంటే, అది గుమ్మం దాటి, వీధి దాటి, ఎదురుగా ఉన్న దర్జీ కొట్టులోకి వెళ్ళి, కుట్టుమిషను ముందు కూర్చున్న మా మామగారి చెవిలో దూరి, అక్కణ్ణుంచి ఒక దగ్గుగా మారి తిరిగొస్తుంది. ఆ దగ్గుకి "అల్లుడూ, ఇక ఆపు" అని అర్థం.

మాది చేపల గాలాల కొట్టు. ఎడమ గోడంతా దారం చుట్టలు. ఎదుటి కొట్టాయన నాకు చుట్టం, నా కొట్టులోవి చుట్టలు. రెంటితోనూ జాగ్రత్తగా ఉండాలి, చిక్కుపడితే విప్పడం కష్టం. కుడి గోడకి గాలపు కర్రలు. వెనక గదిలో బల్ల ముందు మా ఆవిడ. గాలపు దారం చుట్టుకునే రీళ్ళు పాడైతే బాగుచెయ్యడం ఆవిడ పని. పళ్ళచక్రాలు విప్పి, కిరసనాయిల్లో కడిగి, మళ్ళీ బిగిస్తుంది. గుమ్మం పైన ఎండబెట్టిన పైక్ చేప తల ఒకటి నోరు బార్లా తెరుచుకుని ఉంటుంది. బాతు ముక్కులాంటి మూతి, లోపల దువ్వెన పళ్ళలాగా వందల పళ్ళు. మా ఆవిడ రిపేరు చీటీలన్నీ ఆ పళ్ళకే గుచ్చుతుంది. "ఈ కొట్టులో నోరు తెరుచుకుని కూడా పనికొచ్చేది ఇదొక్కటే" అని దాన్ని మెచ్చుకుంటూ ఉంటుంది. ఎవరితో పోల్చి మెచ్చుకుంటోందో నేను ఇంతవరకూ అడగలేదు.

కొట్టుకొచ్చిన ప్రతివాడూ అడిగేది ఒకటే. "గట్టి దారం ఇవ్వండి." అక్కణ్ణుంచి మొదలవుతుంది నా ఉపన్యాసం.

"గట్టి దారం అంటూ లోకంలో లేదు సార్. ఏ చేపకి ఏది గట్టి, అదీ అడగాల్సింది. బంగారు తీగ చేపని పట్టాలా? అది బరువు చేప, గాలం తగలగానే ఒక్క పరుగు పెడుతుంది. దానికి సాగుడు దారం, నైలాన్‌ది. చేప పరిగెడితే ఇది సాగుతుంది, సాగి ఓపిక పడుతుంది. మంచి మొగుడిలాంటిది."

వెనక గదిలో స్క్రూడ్రైవరు కింద పడిన చప్పుడు.

"చారల పెర్చ్ చేప కావాలా? అది ముట్టీ ముట్టనట్టు ముడుతుంది. దానికి జడ దారం. ఎనిమిది సన్నపోగులు కలిపి అల్లింది, వెంట్రుకవాసి కూడా సాగదు. నలభై గజాల అవతల చేప మూతి ఆనిస్తే ఇక్కడ మీ వేలికి తెలుస్తుంది. నీళ్ళు తేటగా ఉండి, చేపకి అనుమానం ఎక్కువైతే గాజు దారం. గాజుతో చేసింది కాదు, పేరు మేం పెట్టుకున్నదే. నీళ్ళలో పడితే కనపడదు."

"మరి పైక్‌కి?"

ఇక్కడ నేను గొంతు తగ్గిస్తాను. తగ్గిస్తే మామూలు మనుషుల గొంతంత అవుతుంది.

"పైక్‌కి ఇవేవీ చాలవు. మిగతా చేపలు దారాన్ని లాగుతాయి, పైక్ కోస్తుంది. లాగేదానికి బలం చాలు. కోసేదానికి స్టీలు కావాలి. దారం మీరు ఏది చుట్టుకున్నా సరే, ఆ దారానికీ గాలానికీ మధ్య మూరెడు స్టీలు తీగ ఉండాల్సిందే. లేకపోతే పైక్ పైకి రాదు. బంగారు తీగకి దారం, పైక్‌కి తీగ. అంతే!"

ఆఖర్న ముడి కట్టి చూపిస్తాను. నేను కట్టిన ప్రతి ముడి మీదా మా ఆవిడ ఎర్ర గోళ్ళరంగు ఒక చుక్క పెడతాను. ముడి జారదు, మా కొట్టు ముడి అని చూసినవాళ్ళకి తెలుస్తుంది, సీసా ఖాళీ అయిందని మా ఆవిడకీ తెలుస్తుంది. "ఇరవై రెండేళ్ళుగా పైక్ నోట్లో గాలం వదిలేసి ఇంటికొచ్చిన రోజు లేదండీ నాకు" అని ముగిస్తాను. రోజుకి నాలుగుసార్లు. ఎదురుగా దగ్గు వినపడేదాకా.

ఇక మామగారు. ఆయన బతుక్కి దారమే ఆధారం. నలభై ఏళ్ళు ఊరందరికీ లాగులు కుట్టి, అరవై దాటాక ఆదివారాలు చేపలు లాగడం మొదలుపెట్టారు. మొదటిసారి నేనే సరస్సుకి తీసుకెళ్ళాను. చెక్క వంతెన మీద ముక్కాలిపీట వేస్తే, కూర్చుని, "ఒకచోట కూర్చుని దారం వంక చూడ్డమేగా? నాకు అలవాటే" అన్నారు. అంతే, అయిదేళ్ళుగా, చేపలు పట్టనిచ్చే సీజనులో ఒక్క ఆదివారం తప్పలేదు.

దర్జీలు దారం తెంపడానికి కత్తెర తియ్యరు. కత్తెర ఏ గుడ్డ కింద ఉందో వెతికేలోగా పంటితో టక్కుమని తెంపేస్తారు. అన్నేళ్ళూ అదే పన్నుతో, అదే చోట తెంపీ తెంపీ మామగారి ముందుపన్నుకి సన్నటి గాడి పడింది. నా కొట్టులో దారం కొనేటప్పుడూ అదే పద్ధతి. చుట్ట విప్పి, కొస నోట్లో పెట్టుకుని, గాడిలో ఆనించి ఒక కొరుకు. తెగితే, "కాజాలు కుట్టుకో" అని నాకే తిరిగిచ్చేవారు. తెగకపోతే కొనేవారు. పైక్ కోసం వెతికినప్పుడూ అంతే. సాగుడు, టక్. జడ, టక్. గాజు, రెండు కొరుకులకి టక్. స్టీలు తీగ దగ్గర మాత్రం "అబ్బా!" అని దవడ పట్టుకుని, "ఇది ఇవ్వు" అన్నారు. నా ఉపన్యాసంలో ఒక్క ముక్క వినకుండా సరిగ్గా రావలసిన చోటికే వచ్చారు. అప్పట్నుంచీ ఆ పంటి పరీక్ష అంటే నాకూ భక్తే.

ఇంకో సంగతి. కొట్టులో ఉన్నంతసేపూ మామగారు మాట్లాడరు. మాట్లాడలేరు, పెదాల మధ్య గుండుసూదులుంటాయి. ఉండేది మా ఇంట్లోనే, ఇంటికొచ్చినా ఆ అలవాటే, సూదులు లేకపోయినా నోరు తెరవరు. సరస్సు దగ్గర మాత్రం తెరుస్తారు. ఎవరి భుజం ఎటు వాలి ఉంటుందో, ఏ లావాటి పెద్దమనిషి నడుము కొలిచేటప్పుడు ఊపిరి బిగబడతాడో, చచ్చిపోయిన మా అత్తగారు మొదటిసారి కొట్టుకొచ్చి కొలతలు తప్పని ఎలా పోట్లాడిందో, అన్నీ చెబుతారు. నేను వింటాను. నిజం, ఒట్టు. వారంలో ఆ నాలుగు గంటలే నా నోటికి సెలవు.

ఈ సీజను మొదలయ్యే ముందు ఆయన ముందుపన్ను ఊగింది. దాని వెనకే మిగతావి బయల్దేరాయి. పక్కవీధి పళ్ళ డాక్టరు అన్నీ తీసేసి కొత్త సెట్టు పెట్టాడు. లోకమంతా ఏడుస్తూ పన్ను కడుతుంటే, మామగారు నవ్వుతూ పళ్ళు కట్టించుకున్నారు. తెల్లగా, సమంగా, ఇస్త్రీ చేసినట్టున్నాయి. వారం రోజులు అద్దం వదల్లేదు.

ఆ తర్వాతే మొదలైంది దారుణం. దారం తెగడమే దారుణం కదా మరి. సీజను మధ్యలో ఒక పైక్ గాలం మింగి దారం తెంపుకుపోయింది. చివర్లో ఇంకొకటి. రెండోది తెగిన రోజున సరంజామా భుజానేసుకుని ఇద్దరం తిరిగొస్తున్నాం.

"అల్లుడూ."

"చెప్పండి మామగారూ."

"నలభై అయిదేళ్ళు కుట్టాను. ఒక్కడి చొక్కాలో గుండుసూది మర్చిపోయానా?"

"లేదండీ."

అబద్ధం కాదు. ట్రయల్ చూసిన ప్రతిసారీ ఆయన ఇరవై నాలుగు సూదులూ లెక్కపెట్టుకుంటారు. ఒకసారి ఒకటి తగ్గితే, వీధి చివరిదాకా పరిగెత్తి పెళ్ళికొడుకుని ఆపి, నలుగురూ చూస్తుండగా కోటు విప్పించారు.

"మరి ఇవాళ్టికి రెండు చేపలు నా సూదులు నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాయి. తినేటప్పుడు గుచ్చుకోదూ వాటికి?"

నేను నీళ్ళు నమిలాను. సరస్సు సగం ఖాళీ అయ్యేంత నమిలాను.

"దారం నీ కొట్టుదేగా?"

"నా కొట్టుదే."

"హూఁ" అన్నారు. ఆ "హూఁ"లో నా కొట్టు, నా సరుకు, నా ఇరవై రెండేళ్ళ ఉపన్యాసం, అన్నీ కొట్టుకుపోయాయి. "వచ్చే ఆదివారంతో సీజను ఆఖరు. ఆ రోజు కూడా తెగిందనుకో, కర్ర అటకెక్కించేస్తాను. చేప పడకపోవడం తప్పు కాదయ్యా. సూది వదిలేసి రావడం తప్పు."

తీగ కట్టారా అని అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ దర్జీని పట్టుకుని సూదిలో దారం ఎక్కించావా అని ఎలా అడుగుతాం? పైగా నిరుడు సీజను ముగిశాక నేనే డజను కొత్త స్టీలు తీగలు కట్టిచ్చాను. ఆయన సరంజామా గుండీల డబ్బాలో దాచుకుని తెస్తారు, ఎవరికీ చూపించరు. లోపల ఉన్నవి అవే అనుకున్నాను.

మర్నాడు కొట్టు వెనక గదిలో ఈ మాట చెబితే మా ఆవిడ చేతిలో పళ్ళచక్రం తుడుస్తూనే, "మా నాన్న మానేస్తే మీకొచ్చిన నష్టమేంటి? ఆదివారం పూట ఇక్కడే ఉండి ఈ బల్ల సర్దొచ్చు" అంది.

"ఆయన మాట్లాడేది అక్కడే కదే."

తుడవడం ఆపింది. "మా అమ్మ పోట్లాట సంగతి మీరు చెబితేనే నాకు తెలిసింది." మళ్ళీ తుడవడం మొదలుపెట్టి, "అవునూ, నాన్న ఈ మధ్య మెళ్ళో తాడు కట్టి కత్తెర వేలాడేసుకుంటున్నారు, చూశారా?"

"కొత్త పళ్ళకి మ్యాచింగేమో."

"వేళాకోళం కాదండీ. నేను పుట్టాక ఆయన కత్తెరతో దారం తెంపడం చూడ్డం ఇదే మొదలు."

నాకు తట్టలేదు. నా బుర్రకి జడ దారం కాదు, సాగుడు దారం కట్టి ఉంది. అవతల చేప తగిలినా ఇవతల తెలియడానికి టైము పడుతుంది.

శనివారం సాయంత్రం మామగారు కొట్టు మూసి, గుండీల డబ్బా చంకలో పెట్టుకుని వీధి దాటి వచ్చారు. మెళ్ళో కత్తెర ఊగుతోంది.

"ఉన్నవాటిల్లో గట్టివి తియ్యి. నేనే చూసుకుంటాను. నువ్వు మాట్లాడకు."

చుట్టలన్నీ కౌంటరు మీద పెట్టి, రెండు చేతులతో నా నోరు నేనే మూసుకున్నాను. ఆయన లావు నైలాన్ కొస నోట్లో పెట్టుకుని కొరికారు. టిక్ టిక్ మని పళ్ళ చప్పుడు. తెగలేదు. కనుబొమలు పైకి లేచాయి. జడ దారం. టిక్ టిక్. తెగలేదు. గాజు దారం. కుడివైపు కొరికారు, ఎడమవైపు కొరికారు, తల విదిలించి కొరికారు. తెగలేదు.

"అల్లుడూ! నీ సరుకు బాగుపడిందయ్యా! అన్నీ గట్టివే!"

నాకు ఎక్కడో పోగు తేడాగా అనిపించింది. సొరుగులోంచి అన్నిటికన్నా సన్నది తీశాను. వేలెడు పిల్లచేపల కోసం పెట్టింది. గట్టిగా తుమ్మితే తెగుతుంది. నేను తుమ్మితే పక్కషాపులోది కూడా తెగుతుంది.

"ఇది చూడండి మామగారూ."

టిక్. టిక్. టిక్ టిక్ టిక్.

"ఇదీ తెగలా!" ఆయన మొహం వెలిగిపోయింది.

వెనక గదిలో చప్పుడు ఆగింది. మా ఆవిడ కర్టెను పక్కకి తీసి నిలబడింది. నేను ఆవిణ్ణి చూశాను, ఆవిడ కత్తెరని చూసింది, ఇద్దరం కలిసి పళ్ళని చూశాం.

"మామగారూ," అన్నాను మెల్లగా. నేను మెల్లగా మాట్లాడేసరికి ఆయనకే భయమేసినట్టుంది, తలెత్తారు. "ఈ సీజను పైక్‌కి ఏం కట్టారు?"

ఆయన గర్వంగా డబ్బా మూత తీశారు. లోపల గుండీల మీద చుట్టలు చుట్టిన గాజు దారం ముక్కలు, ఒక్కొక్కదాని చివరా పైక్ గాలం. ముడులు కోటు గుండీలకి వేసినంత అందంగా ఉన్నాయి. వాటి అడుగున, నేనిచ్చిన డజను స్టీలు తీగలు, కట్టిన రబ్బరుబ్యాండు కూడా విప్పకుండా.

"ఆ స్టీలుది ఎందుకయ్యా, కాలరులో కాన్వాసులాగా బిర్రబిగుసుకుని ఉంటుంది. ఇది చూడు, మెత్తగా ఎలా జారుతోందో. సీజను మొదట్లో కొరికి చూశాను. స్టీలు ఎంతో ఇదీ అంతే, ఏమాత్రం తెగలా. ఒక రోజు కాదు, పదిరోజులు కొరికాను!"

నిజం చెప్పాలి. ఎలా చెప్పాలి? అద్దం ముందు వారం రోజులు నవ్వుకున్న మనిషికి, మీ పళ్ళు పనిచెయ్యవండీ అని అల్లుడు చెప్పొచ్చా? మా ఆవిడకి కళ్ళతో సైగ చేశాను: మీ నాన్న. ఆవిడ తిరిగి సైగ చేసింది: మీ మామగారు. ఇద్దరి కళ్ళూ అలిసిపోయి అటూ ఇటూ తిరిగి గుమ్మం పైన ఆగాయి.

"మామగారూ, ఇంతకీ రేపు దీన్ని కొరికేదెవరు?"

"ఎవరేంటి, పైకే."

"మరి పరీక్ష మీరు రాస్తున్నారేంటి? రాయవలసినవాణ్ణే రాయనిద్దాం."

స్టూలెక్కి పైక్ తల దింపాను. మా ఆవిడ చీటీలు ఒక్కొక్కటే ఊడదీసింది. తలని కౌంటరు మీద పెట్టి, గాజు దారం ఒక కొస నేను పట్టుకుని, రెండో కొస ఆయన చేతికిచ్చాను. ఇద్దరం దాన్ని పై దవడ మీద ఒక్కసారి అటూ ఇటూ లాగాం. గట్టిగా కూడా కాదు. చప్పుడైనా రాలేదు. ఆయన చేతిలో ఒక ముక్క, నా చేతిలో ఒక ముక్క. జడ దారం అంతకన్నా తొందరగా పోయింది. నైలాన్ గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. ఆఖర్న స్టీలు తీగ. గరగరలాడింది. పైక్ పన్ను ఒకటి విరిగి కౌంటరు మీద పడింది గానీ తీగ చెక్కు చెదరలేదు.

మూసిన పెదాల వెనక మామగారి నాలుక మెల్లగా కదలడం కనపడింది, ఒకప్పుడు గాడి ఉన్న చోట. తర్వాత చొక్కా భుజం మీద అంటుకున్న తెల్ల నూలుపోగు ఒకటి తీసి నోట్లో పెట్టుకున్నారు. మామూలు కుట్టు దారం. టిక్. తీసి వెలుగులో పెట్టి చూశారు. చక్కగా ఉంది.

"అల్లుడూ."

"ఆఁ."

"నీ దారాలు గట్టిపడలేదన్నమాట."

"పళ్ళు కొత్తవి కదండీ. ఇంకా పని నేర్చుకోలేదు."

ఆయన నన్నోసారి చూసి, మా ఆవిడని చూసి, ఒక్కసారిగా నవ్వారు. టిక్ టిక్ మని శ్రుతి కూడా కలిసింది. "ఆ డాక్టరు చెప్పనే చెప్పాడు. ఇవి నమలడానికీ నవ్వడానికే, తెంపడానికి కాదూ అని. బట్టల దారం గురించి చెబుతున్నాడనుకుని కత్తెర మెళ్ళో వేసుకున్నాను. గాలం దారం మాట వాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నాళ్ళూ నాకు కొరుకుడుపడలేదయ్యా!"

"పదిరోజులు కొరికారు కదా నాన్నా" అంది మా ఆవిడ.

"నువ్వు లోపలికెళ్ళి చక్రాలు తుడుచుకో."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి స్టీలు తీగల కట్టకున్న రబ్బరుబ్యాండు ఆయనే విప్పారు. "రేపొక్కటే మిగిలింది" అన్నారు. అందులో నవ్వు లేదు.

ఆదివారం పొద్దున సరస్సు మీద పొగమంచు తెల్లటి లైనింగు గుడ్డలా పరుచుకుని ఉంది. చెక్క వంతెన చివర ముక్కాలిపీటలు వేశాం. గాలానికీ దారానికీ మధ్య మూరెడు తీగ. ముడి ఆయనే వేశారు, నేను చూశాను, నా ముడి కన్నా బాగుంది. ఆ సంగతి బయటికి చెప్పలేదు.

రెండు గంటలు ఏమీ లేదు. మామూలుగా అయితే ఆయన కబుర్లు చెబుతారు. ఇవాళ పెదాలు బిగించి కూర్చున్నారు, మళ్ళీ సూదులు పెట్టుకున్నట్టు. ఇవాళ తెగితే వచ్చే ఏడాది ఆదివారాల్లో నేను బల్ల సర్దుతూ ఉంటాను, మా ఇంట్లో ముగ్గురం ఉండి ఒక్క గొంతే వినిపిస్తుంది. అది నాదే, అదే బాధ.

తొమ్మిది దాటాక తుంగ పక్కన నీళ్ళు ఉబ్బాయి. ఎర మాయమైంది. మామగారి కర్ర కొలతల టేపులా వంగిపోయింది.

"వదలండి, వదలండి, లాగొద్దు!" అని అరిచాను. అవతలి ఒడ్డున బాతులు లేచిపోయాయి.

"తెలుసు, అరవకు!"

చేప తుంగలోకి లాగింది, ఆయన వదిలారు. ఆగింది, చుట్టారు. మళ్ళీ లాగింది. ముందు రెండుసార్లూ సరిగ్గా ఇక్కడే ఠప్పుమని చేతిలో భారం పోయింది. నేను కళ్ళు మూసుకున్నాను. ఠప్ రాలేదు.

"గరగరమంటోందయ్యా," అన్నారు ఆయన ఊపిరి తీసుకోకుండా. "కర్రలోకి తెలుస్తోంది. కొరుకుతోంది. కొరకనీ, కొరకనీ! నాలాగే కొరకనీ!"

నాలుగైదు నిమిషాల తర్వాత అది వంతెన పక్కకి వచ్చింది. నా చేతంత పొడుగు, ఆకుపచ్చ ఒంటి మీద పసుపు చుక్కలు. చేతివల కింద పెట్టి పైకి ఎత్తాను. పైక్ పైకి వచ్చింది! గట్టిగా అన్నాను కూడా. మామగారు దగ్గారు.

ఆయన తడిపిన సిల్కు లైనింగు ముక్క పరిచారు, చేప ఒంటి జిగురు పోకూడదని. పట్టకారు పెట్టి తన గాలాన్ని ఒక్క మెలికతో ఊడదీశారు. "ఒకటి" అన్నారు. వెంటనే వదల్లేదు. కళ్ళజోడు నుదుటికెక్కించి వంగారు.

"అల్లుడూ, మూతి మూల ఇంకొకటుంది."

తనదే అయ్యుండాలని ఆయనకి. ఆయనదే అయ్యుండాలని నాకు. పట్టకారు లోపలికి పెట్టి, బొందు పట్టీలోంచి గుండుసూది తీసినంత సుతారంగా తీసి, అరచేతిలో వేసుకున్నారు.

చిన్న గాలం, తుప్పు పట్టింది. పైక్ గాలం కాదు, పెర్చ్ గాలం. దానికి వేలెడు జడ దారం, చివర పీచుపీచుగా నమిలేసి ఉంది. ముడి మీద వెలిసిపోయిన ఎర్ర చుక్క.

మామగారు దాన్ని వెలుగు వైపు తిప్పి చూశారు.

"ఇది నా ముడి కాదు."

"సరస్సు అన్నాక ఎవరెవరో వస్తుంటారండీ" అన్నాను.

"ఎవరెవరో వాళ్ళావిడ గోళ్ళరంగు తెస్తుంటారా?"

ఇప్పుడు చెప్పక తప్పదు. సీజను మొదలైన వారంలోనే, బుధవారం నాడు, నేనొక్కణ్ణే వచ్చాను. పెర్చ్ కోసమే కదా అని తీగ కట్టలేదు. బరువుగా ఏదో తగిలింది, కాసేపు లాగింది, ఠప్పుమంది. నీళ్ళలో మునిగిన దుంగకి చిక్కుకుందని అందరికీ చెప్పాను. నాకూ నేను అదే చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా రోజుకి నాలుగుసార్లు నా ఉపన్యాసం ఆపలేదు.

"దుంగ" అన్నాను.

"దుంగకి ఆకలేసిందా?"

నేను చేతివల మడవడం మొదలుపెట్టాను.

"దుంగ దవడలు బాగానే ఉన్నాయి" అన్నారు చేపని చూస్తూ. మళ్ళీ అడగలేదు. చేపని రెండు చేతులా ఎత్తి, వంతెన పక్క మెట్టు మీదకి దిగి, నీళ్ళలో తోక దగ్గర పట్టుకుని ఉంచారు. అది రెండుసార్లు మొప్పలాడించి, ఆయన చేతిలోంచి తనంతట తానే జారిపోయింది. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ లేచి, తుంగ వైపు చూశారు.

"నా రెండూ ఇంకా లోపలే ఉన్నాయి."

భయంభయంగా అడిగాను. "మరి కర్ర అటకెక్కిస్తానన్నారు?"

"లెక్క తేలకుండా ఎలా ఎక్కిస్తాను? ట్రయల్ అయ్యాక సూదులు లెక్కపెట్టుకోని వాడు దర్జీయేనా? వచ్చే సీజను మొదటి ఆదివారం వస్తున్నాం. తీగలు ఇంకో డజను కట్టి ఉంచు." పీట మీద కూర్చుని, ఎర మారుస్తూ, "మీ అత్త కూడా నీలాగే," అని మొదలుపెట్టారు, "తప్పు కొలతలిచ్చింది తను, పోట్లాడింది నాతో..."

నేను నోరు మూసుకుని విన్నాను. ఎండెక్కేదాకా విన్నాను. ఆ రోజు మరో చేప పడలేదు, ఇద్దరికీ గుర్తు కూడా రాలేదు.

మర్నాడు కొట్టుకి ఒకాయన వచ్చాడు. "గట్టి దారం ఇవ్వండి" అన్నాడు. సాగుడు, జడ, గాజు, తీగ, అన్నీ చెప్పుకుంటూ ఆఖరికొచ్చాను. "ఇరవై రెండేళ్ళుగా పైక్ నోట్లో గాలం వదిలేసి ఇంటికొచ్చిన రోజు..."

దగ్గు వచ్చింది. తలెత్తి చూస్తే ఎదుటి కొట్టులో మామగారు మిషను ఆపి, నా వైపే చూస్తున్నారు. పెదాల మధ్య సూదులు. చొక్కా కాలరుకి, మిగతా సూదుల పక్కనే, ఎర్ర చుక్కతో తుప్పు పట్టిన చిన్న గాలం.

"...ఒక్కటుందండీ" అన్నాను.

"ఏంటి సార్, చిన్నగా అంటున్నారు? వినపడలేదు."

వెనక గదిలోంచి మా ఆవిడ అంది, "ఒక్కటుందట! గట్టిగా చెప్పండి, మా నాన్నకి వినపడాలి!"